కువైటు తీరమున ఒక గరీబు పాట

శుక్రవారము సాయంసమయము. కువైటు పట్టణమున సముద్రపుటొడ్డున రాతికట్టపై కూర్చుండి మేమొక చిన్న పుస్తకమును ఒడిలో పెట్టుకొని యుంటిమి. వెనుక ఎడతెగని మోటారుబండ్ల రొద. ఎదుట పెద్ద అలలు లేని పారసీక సింధుశాఖ. దూరమున కువైటు గోపురములు కనబడుచుండెను. వానిలో పెద్దది 187 మీటర్ల యెత్తు. 1979లో ప్రజలకు తెరచిరి. ఈ యూరికి క్రొత్తగా వచ్చినవారెవ్వరైనను మొదట చూడబోవునది ఆ గోపురములనే. మేమును అట్లే చూచితిమి. కాని మాకిచట నచ్చిన చోటు అది కాదు. చేపల యంగడికి చేరువనే కొయ్యపడవలు కట్టివేయు రేవు గలదు. ఆ పడవలకిప్పుడు తెరచాపలు లేవు, యంత్రములున్నవి. అయినను తడిసిన త్రాళ్ల వాసనయు, చేపల వాసనయు, వలలు బాగుచేసికొనుచు తమలో తాము పాడుకొను పనివారల కూనిరాగములును మన మచిలీపట్టణపు రేవును తలపించును.

మావారు ఇచటి యొక భారతీయ పాఠశాలలో గణితము చెప్పుచున్నారు. వారివెంట మేమీ దేశమునకు వచ్చి నాలుగేండ్లు నిండినవి. మా పుట్టినిల్లు కడప సీమ. తాతగారి యొద్దనే ఇంట కూర్చుండి భారత భాగవతములును, మేఘసందేశమును చదువుకొన్నవారము. ఆ చదువు ఈ యెడారిలో ఎందులకు పనికివచ్చునని మొదట దిగులుపడితిమి. గడచిన శీతకాలమున మావారు అరబ్బీ కవితలకు ఆంగ్లానువాదములు గల పుస్తకము నొకదానిని తెచ్చి యిచ్చిరి. అందులోని గేయమొకటి మమ్ము పట్టి విడువలేదు. అది పుట్టినది ఈ తీరముననే. దానిని గూర్చి సోదరీమణులతో ముచ్చటింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గేయము పేరు ‘ఘరీబ్ అలల్ ఖలీజ్’. వ్రాసినవాడు ఇరాకు దేశపు కవి బదర్ షాకిర్ అల్ సయ్యాబ్. వ్రాసిన సంవత్సరము 1953. ఖలీజ్ అనగా సింధుశాఖ. ఘరీబ్ అను మాట మనకు క్రొత్తది కాదు. బీదవానిని మన యూళ్లలో ‘గరీబు’ అందుము. ఆ మాట అరబ్బీనుండియే పారసీకము, ఉర్దూల మీదుగా మన ముంగిటికి వచ్చినది. అయితే అరబ్బీలో దానికి పరదేశి యని యర్థము. దారిలో ఎచటనో పరదేశి బీదవాడయ్యెను! ఈ గేయము చదివినవారికి ఆ మార్పు ఎట్లు కలిగెనో వేరుగ చెప్పనక్కరలేదు. ఇందలి పరదేశిని ఇల్లు చేరనీయనిది జేబులోని లేమియే.

సయ్యాబు 1926లో బస్రా నగరమునకు చేరువనున్న జైకూరు అను పల్లెలో పుట్టెను. టైగ్రిసు, యూఫ్రటీసు నదులు రెండును కలిసి షత్ అల్ అరబ్ అను పేర ప్రవహించు సీమ అది. ఖర్జూరపు తోటలకు పేరుపడినది. ఆయనకు ఆరేండ్లప్పుడే తల్లి గతించెను. బగ్దాదులోని ఉపాధ్యాయ కళాశాలలో మొదట అరబ్బీ సాహిత్యమును, పిదప ఆంగ్ల సాహిత్యమును చదివి, 1948లో పట్టము పొంది బడిపంతులయ్యెను. (బడిపంతులనగానే మాకు కొంత చుట్టరికము తోచినమాట దాచనేల?) కమ్యూనిస్టు పక్షమున చేరినందున 1949లో ఆ కొలువు పోయెను. 1952 తుదిని బగ్దాదులో అల్లరులు చెలరేగి ప్రభుత్వమువారు పట్టివేతలకు పూనుకొనగా, ఇరానుకు తప్పించుకొనిపోయి, అటనుండి కువైటు చేరి, ఇచటి విద్యుచ్ఛక్తి సంస్థలో చిన్న పనిచేయుచు కొన్ని నెలలు గడపెను. గేయము ఆ నెలలలోనిది. 1960లో వెలువడిన ఆయన ‘వానపాట’ సంపుటమున చేరినది.

పటము తెరచి చూచినచో బస్రా ఇచటికి నూరు మైళ్లకు లోపు. కువైటువారు త్రాగు నీరు సైతము ఆ రోజులవరకు షత్ అల్ అరబ్ నుండి పడవలలో వచ్చెడిది. ఉప్పునీటిని మంచినీరుగ మార్చు పెద్ద యంత్రాలయము 1953లోనే వెలసినది. అనగా తన పల్లెసీమలో పారు నది పడవనెక్కి ఇచటికి రాగలిగినది, ఆయన అచటికి పోలేకుండెను. ఈ నీటిమాట గేయములో లేదు, మాకు తోచినది. కాని గేయమున ఆయన, సముద్రమెంత వెడల్పు గలదో అంతయు పరచుకొని యుండగా తన దేశము దానికిని ఆవలనున్నదని వాపోవును. నూరుమైళ్లు నడుమగల మనుష్యుని మాట యిది! ఆ సముద్రము పటములోనిది కాదని అచటనే తెలియుచున్నది.

గేయము గాలితో మొదలగును. మధ్యాహ్నపు వేడిమిని మోసుకొని రొప్పుచు, సాయంకాలముపై పీడకలవలె కూర్చున్న గాలి. ఇచటి వేసవి నెరుగనివారికి ఇది కవుల యతిశయోక్తియని తోచును. 2016 జూలై 21వ తేదీన ఈ దేశమున మిత్రిబా అనుచోట 53.9 డిగ్రీల వేడిమి నమోదైనది. మన రోహిణికార్తె దీనిముందు చెల్లెలు. గాలి పిదప తెరచాపలు: ప్రయాణమునకై కొన్ని చుట్టబడుచున్నవి, కొన్ని విప్పబడుచున్నవి. తీరమంతయు బట్టలు సరిగా లేని కూలీలును నావికులును. వారి నడుమ ఇసుకపై ఒక్కడు కూర్చుండి నీటివంక చూచుచున్నాడు.

మన ప్రబంధకవులు ఈ సముద్రమును వర్ణింపవలసివచ్చినచో శంఖములు, పగడములు, తిమింగిలములు, బడబానలము వరుసగ వచ్చియుండును. సయ్యాబు కడలిలో చూచినది దాదాపు ఏమియు లేదు, ఆయన వినును. అలల మ్రోతను మించి లోపలనుండి ఒక కేక లేచును. ఆ కేక తన దేశపు పేరు. పిదప అలయు అదియే అనును, గాలియు అదియే అనును. ఒక్క పేరు మరల మరల జపమువలె వినబడును. మేఘసందేశపు యక్షుడు మేఘునకు దారి యెంత విపులముగ చెప్పెనో చదువుకొన్నవారెరుగుదురు: కొండలు, నదులు, ఉజ్జయిని మేడలు, ఎచట విశ్రమింపవలెనో, ఎచట వానకురియవలెనో. ఈ పరదేశికి ఎవనికిని దారి చెప్పు పనిలేదు. దారి చిన్నదే. పేరొక్కటే మిగిలినది.

అటుపిమ్మటి భాగము గేయమునకంతటికిని తలమానికమని మా తలంపు. ముందునాడు కాఫీ దుకాణము ప్రక్కగా పోవుచుండగా గ్రామఫోను పలకపై స్వదేశము వినబడినదట. పలక గిర్రున తిరుగుచుండ కాలమును వెనుకకు తిరుగును. చీకటిలో తల్లి ముఖము. నిద్రపట్టువరకు ఆమె గొంతు. ప్రొద్దుక్రుంకినను ఇల్లు చేరని పిల్లలను ఎత్తుకొనిపోవు దయ్యములతో నిండిన ఖర్జూరపు చెట్లు. పూర్వకాలపు ఉర్వా, అఫ్రా అను ప్రేమికుల కథ చెప్పు ముదుసలి. రొట్టెలు కాల్చు పొయ్యి చుట్టును మూగిన యాడువారు, రాజుల కథలు సన్నని గొంతుతో చెప్పు మేనత్త. మాకు మా యూరి చింతచెట్టు దయ్యములును, వేరుసెనగకాయలు కాల్చుకొనుచు విన్న కాశీమజిలీ కథలును కన్నులగట్టినవి. మాకు తెలియని దేశము, తెలియని భాష. అయినను ఆ పొయ్యిసెగ మా చేతులకు తగిలినది.

చదువగా చదువగా మాకు ఇంకొక సంగతి కానవచ్చెను. ఈ గేయములోని యాడువారందరును ఇంటనున్నవారే. తల్లి, ముదుసలి, మేనత్త, ప్రియురాలు. పురుషుడు దూరదేశమున కూర్చుండి వారిని తలచుకొనును. 1953 నాటికి అది సహజము. నేడీ కువైటున తీరమెంబడి నడచి చూడుడు. కడపసీమనుండి, గోదావరి మండలములనుండి ఇంటిపనికి వచ్చిన మన యాడుబిడ్డలెందరో! ఇంట పిల్లలను పెంచుచున్నది తండ్రియో, అమ్మమ్మయో. నిద్రపట్టువరకు వినబడు తల్లిగొంతు ఫోనులోనుండి వచ్చుచున్నది. సయ్యాబు గేయములోని బొమ్మ తలక్రిందులైనది.

నడకను గూర్చి యొక్కమాట. అరబ్బీ పద్యమునకు పాదము రెండు సగములై, తుదినంతటను ఒకే ప్రాస యుండుట వేయేండ్లకు మించిన కట్టడి. 1947 ప్రాంతమున సయ్యాబును, నాజిక్ అల్ మలాయికా అను ఇరాకు కవయిత్రియు దానిని సడలించిరి. గణమును విడువలేదు, పాదమున ఇన్ని గణములుండవలెనను లెక్కను విడిచిరి. ఈ గేయమున నడచునది ‘కామిల్’ అను ఛందస్సు: రెండు లఘువులు, గురువు, లఘువు, గురువు. వ్రేళ్లపై లెక్కించిన ఏడు మాత్రలు. గురజాడవారు 1910లో ముత్యాలసరములకు వాడిన మిశ్రగతియు ఏడు మాత్రలదే! అక్కడ మూడు, నాలుగు. ఇక్కడ నాలుగు, మూడు. అరబ్బీ రాని మేము విని తలయూచగలిగినది అందుచేతనే కాబోలు.

మాకు చదివి వినిపించినది పై యంతస్తులోని యొక యమ్మాయి. ఆమె యవ్వ బస్రాలో పుట్టి, చిన్నవయసుననే ఈ యూర మెట్టినది. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించి, 1991 ఫిబ్రవరివరకు పట్టి యుంచిన సంగతి చదువరులెరుగనిది కాదు. ఆ తరువాత ముసలమ్మ పుట్టినింటికి పోలేదు. ఇరుగుపొరుగుల యెదుట దాని పేరును ఎత్తదు. మనుమరాలు గేయము చదువుచుండ ఆ పేరు అన్నిమారులు గదిలో మ్రోగుట విని, ఆమె లేచి కిటికీ తలుపు మూసి వచ్చి మరల కూర్చుండెను.

గేయములో మాకు రుచింపని పట్టులును గలవు. స్వదేశమునకు ద్రోహముచేయువారు ఎట్లు చేయగలరని ప్రశ్నించుచోట కవి ఇసుకపైనుండి లేచి సభావేదికపై నిలిచినట్లుండును. తన్ను సిలువ మోయు క్రీస్తుతో పోల్చుకొనుటయు మాకు పెద్దమాటగ తోచినది. ఖర్జూరపు చెట్టు దయ్యము చేసిన పని ఆ పోలిక చేయలేదు.

ఇక మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పిన మాట. గేయము నడుమ పరదేశి చిరుగుగుడ్డలతో, దుమ్ముకొట్టుకొన్న పాదములతో ఎండలో చేయిచాచు స్థితికి వచ్చును. చూచువారిలో ఈసడించువారున్నారు, కసరువారున్నారు. అది యెల్ల ఓర్చుకొనును. ఓర్వలేనిది ఒక్కటే: ‘ఖతియ్యా’ అను మాట. దానికంటె చావు మేలనును. ఆంగ్లమున దానిని ‘జాలి’ యను మాటతో సరిపెట్టినారు. ముసలమ్మనడిగితిమి. అది ఇరాకువారి ఇండ్లలో నిత్యము నలుగు మాటయట. ఎవరి కష్టమైన చూచినపుడు తమంత నోట వచ్చునట. దాని మూలార్థమేమని మరల నడిగితిమి. మనుమరాలు కొంత యాలోచించి, “దోషము. దేవుని యెదుట చేసిన దోషము” అనెను.

మేము నివ్వెరపోతిమి. అది మన ‘పాపము’! కష్టములోనున్నవానిని చూచి ‘అయ్యో పాపము’ అందుము. చేయరాని పనిచేసిన దానికిని పాపమే యందుము. ఆంగ్లమున రెండు మాటలు కావలసివచ్చినది మనకును బస్రావారికిని ఒక్కటితో సరిపోవుచున్నది. జాలిపడు మాటలోనే, నీవెన్నడో ఏదియో చేసియుందువను తీర్పు దాగియున్నది కాబోలు. పలుకువారికది వినబడదు. పలికించుకొన్నవారికి వినబడును.

ఎట్లు తెలియుననగా, రెండేండ్ల క్రిందట మేమే ఆ మాట నొకరిపై పలికితిమి. మేముండు భవనమున క్రింది యంతస్తున నొక యింట మన తెలుగుపిల్ల పనిచేయుచున్నది. వయసు ముప్పదిరెండో, మూడో. ఒకనాడు లిఫ్టులో ఫోనున బిడ్డతో మాటలాడుచుండగా విని, పలుకరించితిమి. అన్నమాచార్యుల తాళ్లపాకకు చేరువ పల్లె, రాజంపేట ప్రాంతము. మా సీమదే యని సంతసించితిమి. ఇద్దరు బిడ్డలట. చూచి నాలుగేండ్లయినదట. మా నోటనుండి వెంటనే “అయ్యో, పాపము!” అని వచ్చెను.

ఆమె మొగము గట్టిపడెను. “పాపమేందక్కా? నేనేం పాపం జేస్తి? పని జేస్తాండా, లెక్క పంపిస్తాండా” అని, తలుపు తెరచుకొనగానే చెత్తసంచి తీసికొని పోయెను. తరువాత నెలలకొలది మెట్లపై ఎదురైనను తలవంచుకొని పోవుటయే గాని పలుకలేదు. ఆ పిల్లకు పొగరని మేము మావారితో అన్నమాటయు నిజము. సయ్యాబు గేయములోని ఆ మాటకు అర్థము తెలిసిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

ఆ రాత్రి తలపునకు వచ్చినది విరాటపర్వము. ద్రౌపది మాసిన చీరతో మత్స్యనగరపు వీథులలో ఒంటిగ పోవుచుండ జనులు మూగి ఎవరవని యడుగుదురు. మేడపైనుండి సుదేష్ణ చూచి పిలిపించును. అచట ద్రౌపది తన కష్టము చెప్పుకొనదు, తనకు వచ్చిన పని చెప్పును: జుట్టుముడువగలను, చందనము నూరగలను, మాలలు కట్టగలను. అంతటితో ఊరకుండక కట్టుబాటును చెప్పును: ఎంగిలి ముట్టను, కాళ్లు కడుగను. చక్రవర్తిపత్ని పరాయి యింట దాసియగుచు మొట్టమొదట కోరినది జాలి కాదు. చిన్ననాడు తాతగారు ఈ ఘట్టము చెప్పినపుడు సైరంధ్రి కష్టమునకు మేము కన్నీరు పెట్టుకొంటిమి. ఆమె కట్టుబాట్లను లెక్కింపలేదు.

కట్టుబాట్లు నేడును గలవు. 2015లో ఈ దేశమున ఇంటిపనివారిని గూర్చి 68వ సంఖ్యగల చట్టము వచ్చినది. దినమునకు పండ్రెండు గంటలకు మించి పనిచేయింపరాదు. వారమున కొకనాడు సెలవీయవలెను. 2016లో నెలకు అరువది దినార్లకు తక్కువ యీయరాదని నిర్ణయించిరి. అన్ని యిండ్లలో ఇవి జరుగునని మేము చెప్పజాలము. ఈ పిల్లకు శుక్రవారము మధ్యాహ్నము సెలవు దొరకుచున్నది. ఆ సెలవున మాలియా అనుచోటికి పోవును. అచట తెలుగువారు గుమికూడుదురు. ఊరినుండి వచ్చినవారు పచ్చడి సీసాలు చేతులు మార్చుదురు. ఎవరి యప్పు తీరినది, ఎవరి మిద్దె లేచినది యను వార్తలును చేతులు మారును.

గేయపు తుదిభాగమంతయు పైకమును గూర్చియే. పరదేశి తన నాణెములతో మాటలాడును. ఓడలు కూలి అడుగకుండిన, భూమిపై కడలియే లేకుండిన ఎంత బాగుండునని కోరుకొనును. వానిని లెక్కించుచు, మీరు పెరిగినకొలది నా పరవాసము తరుగునని చెప్పుకొనును. పిదప నిజము గ్రహించును: ఆకలివేసిన తినవలెను గదా, తినిన నిలువచేయుట యెట్లు? మా కడపసీమలో పైకమునకే ‘లెక్క’ యని పేరు. లెక్క యున్నదా యనిన డబ్బున్నదా యని యర్థము. సయ్యాబు చేయుచున్నది లెక్కను లెక్కించుట. 1953లో కువైటున చెల్లుబడిలోనున్నది మన భారతదేశపు రూపాయియే యని తెలిసినప్పుడు మాకు ఒడలు జలదరించెను. 1959లో ఈ ప్రాంతములకు వేరుగ గల్ఫు రూపాయిని ముద్రించిరి; 1961 ఏప్రిలు 1న దినారు వచ్చెను. అంతకుముందు ఇచట ఎవరు ఏమి దాచుకొన్నను మన టంకసాలలలో పుట్టిన నాణెములే. ఆ కవి అరచేతిలో పెట్టుకొని ఎప్పుడింటికి చేర్చెదవని యడిగినది మన రూపాయినే! దినారు వచ్చిననాడు దాని విలువ పదమూడున్నర రూపాయలకు కొంచెము తక్కువ. ఇప్పుడు దానికి ఎన్నో రెట్లు.

యక్షుని శాపము ఒక సంవత్సరము. కార్తికమున హరి నిద్రలేచుసరికి తీరును. సైరంధ్రి దాస్యమును ఒక యేడే, దినములు లెక్కించుకొనవచ్చును. మన కావ్యములలోని పరవాసమున కెచటనైన నొక గడువున్నది. సయ్యాబు పరదేశికి గడువిచ్చినవాడు లేడు. నాణెములే గడువు, అవి కూడినకొలది తరిగిపోవుచున్నవి. తుదిని ఇక పోలేననియే తేల్చుకొనును. వేచియుండుట తప్ప వేరు మార్గము లేదు, వేచియుండియు ఫలము లేదు. అచటనే గేయము ముగియును. మన యలంకారికులు దీనిని మెచ్చరు, మంగళాంతము కాదు గదా. మాకు మాత్రము వేరొక ముగింపు తోచలేదు.

ఆ పిల్లతో మరల మాట కలుపుకొనుటకు మాకు చాలదినములు పట్టినది. ఎట్టకేలకు ఈ శుక్రవారము సముద్రమునకు రమ్మని పిలిచితిమి. మాలియా మానుకొని వచ్చినది. రాతికట్టపై కూర్చుండి, గేయమునంతయు మా మాటలలో చెప్పితిమి. తల్లి ముఖమును గూర్చి చెప్పునపుడు ఆమె వేరుసెనగకాయలు ఒలుచుచునే యుండెను. దయ్యముల చెట్లు విని నవ్వెను. ఓడకూలి మాట వచ్చినపుడు చేతులాగినవి.

“పడవోనికి చార్జీ ఇయ్యకుంటే బాగుండనుకున్నాడా?” అని యడిగి, “మాకు టికెట్టుదేముందక్కా. పోయేది పెద్ద పని కాదు. పోయినేడు పోదామంటి. బిడ్డకు నర్సింగు ఫీజొచ్చె. అంతకు ముందేడు మిద్దె. దానికి ముందు, ఈడికొచ్చేదానికి తెచ్చిన అప్పు. మా మేనత్త తొంబైలో ఈన్నే ఉన్నెది. యుద్ధమొచ్చి విమానంలో ఉత్తచేతుల్తో దిగె. అది చూసి గూడా నేనొస్తి” అనెను. ఆనాడు లక్షా డెబ్బదివేలమందికి పైగా భారతీయులను అమ్మాను నగరము మీదుగ ఎయిరిండియా విమానములు తీసికొనిపోయినవి. వారిలో ఆ మేనత్త యొకతె.

ఖతియ్యా మాటను కడపటికి దాచితిమి. దాని రెండర్థములును చెప్పి, లిఫ్టులో మేమన్న మాటను జ్ఞాపకముచేసి, తప్పైనది, మన్నింపుమంటిమి. ఆమె మావంక చూచి, పిదప పకపక నవ్వెను. “మీ పైయింటి అవ్వ నన్ను చూసినప్పుడల్లా ఆ మాటే అంటాదక్కా! తిడతాందేమో అనుకుంటాంటి. నేనూ లోపల్లోపల తెలుగులో రెండు తిట్లు తిడతాంటి.” మేమును నవ్వు ఆపుకొనలేకపోతిమి. మన్నించినదో లేదో ఆమె చెప్పలేదు.

ప్రొద్దు క్రుంకుచుండెను. ఎనిమిదింటికి ఆమె ఇల్లు చేరవలెను. పొట్టును కాగితమున మూటగట్టుచు, “అయితే ఆయప్ప ఇల్లు చేరినాడా అక్కా?” అని యడిగెను.

“చేరినాడు. 1954లో” అంటిమి.

“మంచి పని జేసినాడు” అని లేచెను.

అది నిజమే. తక్కిన కథ మేము చెప్పలేదు. సయ్యాబు స్వదేశము చేరి, పెండ్లాడి, బిడ్డలను గని, గేయములు వ్రాసి, నడివయసు రాకముందే నరముల వ్యాధితో కాళ్లు పడిపోయి, బేరూతు, లండను నగరములలో వైద్యము చేయించుకొనియు కుదుటపడక, తుదకు ఈ కువైటు వైద్యశాలకే వచ్చి 1964 డిసెంబరు 24న కన్నుమూసెను. అప్పటికి ముప్పదియెనిమిదేండ్లు. బస్రాకు చేరువ జుబైరు శ్మశానమున ఖననము చేసిరి. ఏ తీరమున కూర్చుండి ఇల్లు చేరలేనని యేడ్చెనో, ఇల్లు చేరిన పదేండ్లకు ఆ యూరనే ప్రాణము విడిచెను.

బస్సు వచ్చినది. జనము క్రిక్కిరిసి యుండిరి. ఆమె ఎట్లో లోనికి దూరి, కిటికీదరి చోటు చూచుకొని, ఫోను చెవికి పెట్టుకొనెను. బండి కదలునప్పుడు మావంక ఒకమారు చేయి ఊపి, మరల మాటలలో పడెను.